అత్త మీద కోపం దుత్త మీద

అమెరికాలో ఓక్లహోమా స్టేట్ వర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో ఓ సహాయ కోచ్ లంచం తిన్నాడు. 2017లోనే ఉద్యోగం పోయింది. శిక్ష దెబ్బ మాత్రం 2022లో తగిలింది, అదీ అతని ముఖమైనా చూడని కుర్రాళ్లకు! సీజన్ ఆఖరి టోర్నీలో ఆడనివ్వలేదు.

ఆ న్యాయం మన ఢిల్లీకీ బాగా అలవాటే. ద్వారకలో కొలువైన ఫుట్‌బాల్ సమాఖ్యలో పదవీకాలం అయిపోయినా అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్ గారు కుర్చీ దిగలేదు. సుప్రీంకోర్టు దింపి, పాలకుల కమిటీని కూర్చోబెట్టింది. 'బయటివాళ్ల పెత్తనమేంటి' అని 2022 ఆగస్టులో ఫిఫా సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్ టోర్నీ కోసం తాష్కెంట్‌లో దిగిన గోకులం కేరళ అమ్మాయిలు బంతి తన్నకుండానే తిరుగు విమానం ఎక్కారు. వాళ్లు వచ్చాక కొద్దిరోజులకే, 26న, సస్పెన్షన్ ఎత్తేశారు. ఎంత దయ!

మరుసటి ఏడాది కుస్తీ సమాఖ్య ఎన్నికలు వేళకు జరపలేదు. అంతర్జాతీయ సంఘం వేటు వేసింది. బెల్‌గ్రేడ్ ప్రపంచ పోటీల్లో అంతిమ్ పంఘాల్ కాంస్యం గెలిచింది. ఒంటి మీద దేశం పేరు లేదు. ఆమె తెచ్చిన ఒలింపిక్ కోటా మాత్రం దేశం ఖాతాలోకే వెళ్లింది. అక్కడ నిబంధనలు అడ్డు రాలేదు లెండి.

ఇంతకీ ఈ నిషేధాల వల్ల సమాఖ్యల పెద్దలు ఒక్క మ్యాచ్ కూడా నష్టపోలేదు. వాళ్లు ఆడితే కదా!