గోదురుకప్ప మణి: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం (దొరకనందున టీకాకారుడే కట్టుకున్న ఆటవెలది):

ఒడలు మొటిమలైన నొప్పును శిరసున
మణియు; మరణ మాపు మందు నదియె;
ఆంగ్లభువిని బుట్టునట్టి గోదురుకప్ప
చేత నుంగరముగ జెలగు జూడు.

ప్రతిపదార్థం: ఒడలు = శరీరము; మొటిమలైనన్ = ముట్టబుద్ధి కాకుండా గడ్డలు కట్టినదైనను; శిరసునన్ = తలయందు (లోపల అని గ్రహించునది); మణియు = రత్నము; ఒప్పును = ప్రకాశించును; అదియె = ఆ మణియే; మరణము మాపు మందు = విషానికి విరుగుడు; చేతన్ = చేతియందు; ఉంగరముగన్ చెలగున్ = ఉంగరమై మెరయును. కప్ప ఉంగరమగుట ఎట్లు? మణి అని అధ్యాహారం చేసుకోవలెను. కవికి యతి కుదిరింది, అన్వయం కుదరలేదు.

తాత్పర్యం: పాతకాలపు ఇంగ్లండు నమ్మకం ప్రకారం గోదురుకప్ప నిలువెల్లా విషం, ఆ విషానికి మందు మాత్రం దాని నెత్తిలోనే ఉంది. అందుచేత పెద్దమనుషులు కప్పను చీదరించుకుని మణిని వేలికి పెట్టుకున్నారు.

విశేషాలు: మణిని రాబట్టే విధానం కవి చెప్పలేదు గనుక మేము చెబుతున్నాము. ముసలి కప్పను ఎర్రగుడ్డ మీద కూర్చోబెడితే తనంతట తానే కక్కుతుందట. అసలుదా నకిలీదా అని తేల్చడానికి ఆ రాయిని మరో కప్ప ముందు పెట్టాలి. లాక్కోబోయినట్టు ఎగిరిందా, అసలుదే. కొన్ని ఉంగరాలకు అడుగున కన్నం వదిలేవారు, రాయి ఒంటికి తగలాలని. దగ్గర్లో విషముంటే అది వేడెక్కి చెబుతుందని నమ్మకం. షేక్‌స్పియర్ ‘యాజ్ యు లైక్ ఇట్’లో అడవిపాలైన డ్యూకు తన కష్టకాలానికి ఈ మణినే ఉపమానంగా తెచ్చుకుంటాడు. ‘మాక్‌బెత్’లో మంత్రగత్తెల కాగులో మొదట పడేదీ కప్పే.

సిద్ధాంతం: ఆ రాళ్లు లెపిడోటిస్ అనే చేప పళ్లు. డైనోసార్ల కాలంలో గుల్లలను పగలగొట్టిన గుండీల్లాంటి పళ్లు శిలాజాలయ్యాయి. ‘సొమ్మొకడిది సోకొకడిది’ అన్న సామెతను ఇక్కడ సమన్వయించుకోవాలి. విషం మాట మాత్రం అబద్ధం కాదు. కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో అది నిజంగానే ఉంటుంది, కప్పను నోట కరచిన కుక్క నురగలు కక్కుతుంది.

పాఠాంతరం: ఇంగ్లండులోని తూర్పు ఆంగ్లియా గుర్రాలవాళ్లు ‘మణి’కి బదులు ‘ఎముక’ అని చదివేవారు. కప్పను చీమలపుట్టలో పాతిపెట్టి, మాంసం పోయాక ఎముకలను అర్ధరాత్రి వాగులో వదలాలి. ఏటికెదురు పోయిన ఎముకే ఎముక. అది జేబులో ఉంటే ఎంత పెంకి గుర్రమైనా చెప్పినట్టు వింటుందట. వాళ్ల మాటలను సేకరించిన జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్, కిటుకు గుర్రం ముక్కుకు తగిలే వాసనల్లో ఉందన్నాడు. మాకు ఆ వ్యాఖ్యానమే నచ్చింది, కప్పకు కూడా నచ్చేదే.

ఆక్షేపం: ‘మణి ఉన్న ప్రాణి మంత్రగత్తెల ఇంట చేరనేల?’ సమాధానం: ఉన్ని కోసం. ఎసెక్స్‌కు చెందిన ఆగ్నెస్ వాటర్‌హౌస్ ఇంట్లో సాతాను అనే పిల్లి ఉన్నికుండలో పడుకునేది. పేదరాలికి ఆ ఉన్ని అవసరం పడింది. పిల్లిని కప్పగా మార్చేశానని విచారణలో ఒప్పుకుంది. కప్పకు ఉన్ని పక్క అక్కర్లేదు కదా. ఈ పొదుపుకు అలంకారశాస్త్రంలో పేరు లేదు, చెల్మ్స్‌ఫర్డ్ న్యాయస్థానంలో ఉంది: మంత్రవిద్య. 1566 జూలైలో ఆమెను ఉరితీశారు.