చివరి ‘యూ’ను ఎవరు తిన్నారు?

ముద్దనూరు చిన్న ఊరే గానీ దారులు పెద్దవి. ఒకటి ప్రొద్దుటూరుకు, ఒకటి జమ్మలమడుగుకు, ఒకటి పులివెందులకు. తెలుగులో ఈ నాలుగు పేర్లకూ ఏ లోటూ లేదు. ఇంగ్లీషు బోర్డు దగ్గరికి వచ్చేసరికే ఎవరి తలరాత వాళ్లది. ప్రొద్దుటూరుకు చివరి ‘యూ’ ఎగిరిపోయింది. అది చాలదన్నట్టు నడుమ ‘ద్దు’ కాస్తా ‘ద్ద’ అయి కూర్చుంది. జమ్మలమడుగు మాత్రం పదమూడు అక్షరాలనూ పొల్లుపోకుండా దక్కించుకుంది. పులివెందులది రెండు వేషాల బతుకు: మామూలు రోజుల్లో నడుమ ‘యూ’ ఉంటుంది, ఎన్నికల సంఘం నియోజకవర్గాల జాబితాలో ఉండదు. ఓట్లు అయిపోయాక మళ్లీ వస్తుంది.

ఇక ముద్దనూరు. రైల్వే వాళ్లు చివర ‘యూ’ పెట్టారు, మండలం కాగితాల్లో అది లేదు. అంటే ముద్దనూరులో రైలు దిగిన మనిషి ఆఫీసుకు చేరేలోపు ముద్దనూర్‌కు వచ్చేస్తాడు. ఆ ‘యూ’ స్టేషనుకూ తాసిల్దారు కచేరికీ నడుమ ఎక్కడ జారిపోయిందో ఎవరూ వెతకలేదు. స్టేషను కోడయితే ఇంకా ముచ్చట: ఎం, ఓ, ఓ. ఇంగ్లీషు ఆవు అరుపుకు సరిగ్గా అదే స్పెల్లింగు. కడప స్టేషను కోడు హెచ్, ఎక్స్. ఇప్పుడు కడపను రాసే ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెండూ లేవు. పాత స్పెల్లింగు తోకలో ఒక ‘హెచ్’ ఉండేది, అదే అనుకున్నా ‘ఎక్స్’ ఎక్కడి చుట్టమో తెలియదు.

ఆ పాత స్పెల్లింగు 2005 దాకా బతికింది: సీ, యూ, డబుల్ డీ, ఏ, పీ, ఏ, హెచ్. తెలుగులో మూడక్షరాల ఊరికి ఇంగ్లీషులో ఎనిమిది. ఆ చివరి ‘హెచ్’ ఏ పనీ చేయకుండానే తరాల తరబడి జీతం తీసుకుంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్ దొర పండితులను ఇంట్లో పెట్టుకొని పోషించాడు, వేమన పద్యాలు అచ్చేయించాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. అన్ని వేల తెలుగు మాటలకు ఇంగ్లీషులో అర్థం చెప్పిన మనిషి కూడా తానున్న ఊరి పేరులోంచి ఆ ‘హెచ్’ను కదిలించలేకపోయాడు. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. మనుషులకు స్పెల్లింగు మారింది గానీ రాళ్లకు మారలేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు మన నేల కింది పొరల గురించి రాయాలంటే ఈ రోజుకూ ఆ ఎనిమిదక్షరాలే రాస్తారు. రాయికేమో వంద కోట్ల ఏళ్లు దాటాయి, పేరేమో కంపెనీ గుమాస్తా రాసిపోయింది.

పోనీ, మన పేర్లు నోరు తిరగక దొరలు తిప్పలు పడ్డారులే అని సరిపెట్టుకుందామంటే, సొంత మాటలకు వాళ్లు చేసుకున్నది ఇంతకంటే ఘోరం. దో, త్రూ, టఫ్, కాఫ్, బౌ. ఐదు మాటలు, ఐదు పలుకులు, అన్నింటికీ తోక ఒకటే: ఓ, యూ, జీ, హెచ్. అప్పుకు వాళ్లు ‘డెట్’ అంటారు. అందులో ‘బీ’ మొదట్లో లేనేలేదు. లాటిన్ మాట మీద మోజుకొద్దీ పండితులు తెచ్చి దూర్చారు. ‘ఐలండ్’లో ‘ఎస్’ కూడా అంతే, లేని లాటిన్ చుట్టరికం కలిపి అంటగట్టారు. 1476లో కాక్‌స్టన్ అనే ఆయన ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. ‘ఘోస్ట్’లో ‘హెచ్’ ఆ అచ్చాఫీసు చలవేనంటారు. దెయ్యానికి కూడా స్పెల్లింగు పట్టింది! అచ్చులో పడ్డ రాత అక్కడే గడ్డకట్టుకుపోయింది, జనం నోళ్లు మాత్రం ఆగలేదు. రాతకూ పలుకుకూ ఉన్న ఆ తగవు ఇంకా తెగలేదు. బెర్నార్డ్ షా కడుపు మండి, కొత్త అక్షరమాల కోసం వీలునామాలో డబ్బు రాసిపోయాడు. 1962లో ఆ అక్షరాలతో ఆయన నాటకం ఒకటి అచ్చయింది. అంతటితో సరి.

ఈ లెక్కన చూస్తే మన రోడ్డు పక్క బోర్డులు రాసే పెయింటర్ల మీద నాకు గౌరవం పెరుగుతోంది. పంచరు షాపు బోర్డు మీద ఆయన పీ, యూ, ఎన్, సీ, హెచ్, ఈ, ఆర్ అని రాస్తాడు. నిఘంటువు ప్రకారం దాని అర్థం పిడిగుద్దులు గుద్దేవాడు. అయినా గాలి దిగిన బండి తోసుకుంటూ వచ్చినవాడు ఏనాడైనా ఆ బోర్డు చూసి భయపడి వెనక్కి పోయాడా? విన్నది విన్నట్టు రాశాడు, చదివినవాడికి తెలిసింది. నోట్‌బుక్కుల షాపు మీద ‘స్టేషనరీ’లో ‘ఈ’ ఉండాల్సిన చోట ‘ఏ’ పెడితే, కదలకుండా ఒక్క చోటే ఉండేది అనే అర్థం వస్తుంది. షాపు కదలదు కదా, అదీ తప్పు కాదు.

గ్రామరు సంగతి మనం చిన్నప్పుడే తేల్చేసుకున్నాం. కంఠతా పట్టిన వాక్యంలో తప్పు దొర్లదు గనక వాక్యాలన్నీ కంఠతానే. అందుకే మన బడిపిల్లలకు వచ్చే జబ్బు ఒక్కటే. కడుపునొప్పి వచ్చినా, అవ్వ తద్దినమైనా, మామతో కలిసి గండికోట చూడబోయినా, లీవు లెటరు మాత్రం ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అనే మొదలవుతుంది. నిజంగా జ్వరం వచ్చినవాడు రాసినా అయ్యవారు నమ్మరు. పెద్దయి ఉద్యోగంలో చేరాక అదే పిల్లవాడు ‘డూ ది నీడ్‌ఫుల్’ అని రాస్తాడు. ఏం చేయాలో రాసినవాడికీ తెలియదు, చదివినవాడికీ తెలియదు, కాబట్టి ఫైలు భద్రంగా ఉంటుంది.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. తన స్పెల్లింగుకే కట్టుబాటు లేని ఈ భాష మన మనుషుల మీద తీర్పరిగా కూర్చున్నప్పుడే నవ్వు ఆగిపోతుంది. ఏ ఆఫీసు కౌంటరు దగ్గరైనా కాసేపు నిలబడండి, ఇట్లాంటి మాటలు చెవిన పడతాయి:

“పెద్దాయనా, ఆధార్‌లో సుబ్బయ్యకు చివర ఐ, ఏ, హెచ్ ఉండాది. పాస్‌బుక్కులో రెండు వైలు, ఒక ఏ ఉండాది. ఇద్దరూ ఒకరేనని ఏం గ్యారంటీ?”

“ఇద్దరు యాడుండారు సారూ? నేనొక్కణ్నే కదా వచ్చింది.”

“నువ్వొచ్చినావులే. నీ పేరు రాలేదు.”

ఇక ఆ పెద్దాయన స్టాంపు పేపరు కొని, నోటరీ దగ్గర నిలబడి, తాను తానేనని తన మీద తానే ప్రమాణం చేయాలి. ఆధార్‌లోనే మార్పించుకుందామంటే పేరు దిద్దుకునే అవకాశం జన్మకు రెండుసార్లే. మొదటిసారి దిద్దినప్పుడు ఆపరేటరు ఇంకో అక్షరం తప్పు కొట్టాడా, ఇక మిగిలింది ఒక్క బంతే.

మా కడప జిల్లాలో వీధికొకరుండే పేరు షేక్ మహబూబ్ బాషా. షేక్‌ను ‘ఏ, ఐ’తో రాసేవాళ్లున్నారు, ‘ఈ, ఐ’తో రాసేవాళ్లున్నారు, చివర ఇంకో ‘హెచ్’ తగిలించేవాళ్లున్నారు, ఎందుకొచ్చిన గొడవని ‘ఎస్, కే’తో ముగించేవాళ్లూ ఉన్నారు. ‘బూ’కు రెండు ఓలా, ఒక యూనా? బాషాకు ఉత్త ‘బీ’నా, పక్కన ‘హెచ్’ కూడానా? లెక్కవేస్తే ఒక్క మనిషి పదహారు మంది అవుతాడు. ఆ పదహారు మందిలో ఒక్కడికే పింఛను. లక్ష్మి అనే పేరున్న ఆడబిడ్డలను అడగండి, ఆ ‘ఎక్స్’ ఎన్నిసార్లు ఏడిపించిందో చెబుతారు. ఇవి చాలవన్నట్టు సంఖ్యాశాస్త్రం పండితుడొకాయన వచ్చి, అదృష్టం కోసం ఇంకో ‘ఏ’ కలుపుకోమంటాడు. అదృష్టం సంగతేమో గానీ బ్యాంకు ఖాతా మాత్రం ఆగిపోతుంది.

విచిత్రం ఏమిటంటే ఆధార్ కార్డు మీద ఇంగ్లీషు పేరుతో పాటు తెలుగులోనూ పేరుంటుంది. అందులో సుబ్బయ్య సుబ్బయ్యే. ఆ వరుసను చదివే ఆఫీసు ఇంతవరకూ నా కంటపడలేదు. చదివినా ఒక్కోసారి లాభముండదు. ఇంగ్లీషులో కొట్టిన దాన్ని యంత్రం మళ్లీ తెలుగులోకి తిప్పుతుంది గనక, బయటికి పోయిన ముద్దనూరు ముద్దనూర్ అయి ఇంటికొస్తుంది. ఇంకొంచెం దూరం పోయినవాళ్ల సంగతి మరీ దారుణం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద మొదటి పేరు ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. బారసాల నాడు చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు తెలియదట!

అదే అమెరికాలో ఏటా జరిగే జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో కప్పులు కొడుతున్నది మన పిల్లలే. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2024లో బృహత్ సోమ. బృహత్ అయితే టైబ్రేకరులో 90 సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పాడు. అరవింద్ గెలిచిన మాట ‘క్నేడెల్’, యూదుల వంటల్లో ఒక ఉండ. పిల్లవాడు నిఘంటువులో ఉన్నట్టే చెప్పి కప్పు అందుకున్నాడు. మర్నాటికల్లా యిద్దిష్ భాష తెలిసినవాళ్లు ఆ స్పెల్లింగే సరైంది కాదంటూ తగువుకు దిగారు. ప్రపంచమంతా చూస్తుండగా గెలిచిన మాటకే ఖాయమైన స్పెల్లింగు లేనప్పుడు, ముద్దనూరు సుబ్బయ్య చివరి ‘హెచ్’కు ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ మనవడు ముక్కూమొహం తెలియని మాటకు స్పెల్లింగు చెప్పి కప్పు తెస్తుంటే, ఇక్కడ తాత సొంత పేరుకు స్పెల్లింగు కుదరక క్యూ చివరికి పోతున్నాడు.

కౌంటర్లలో కూర్చునే అయ్యలకూ అమ్మలకూ ఒక మనవి. ఇంగ్లీషు అక్షరం తేడా వస్తే, కాగితం తిప్పికొట్టే ముందు తెలుగు వరుస ఒకసారి చదవండి. అందులో పేరు, తండ్రి పేరు, ఊరు కలిస్తే మనిషి ఒకరేనని రాసే అధికారం మీకివ్వమని పైవాళ్లను అడగండి. బిడ్డలకు పేర్లు పెట్టబోయేవాళ్లకు ఇంకొకటి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడి మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. దాని మీద పడే స్పెల్లింగే వాళ్లకు నిలుస్తుంది. పేరు రాయించడానికి పోయేటప్పుడు సంఖ్యాశాస్త్రం చీటీ ఇంట్లో పెట్టి, అమ్మానాన్నల ఆధార్ కార్డులు తీసుకుపోండి. ఇంటిపేరును వాటిలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా దింపించండి.