ముప్పై రోజుల పౌరుడు

ఆంధ్రప్రదేశ్‌లో సామాన్య పౌరుడి ఆయుష్షు ముప్పై రోజులు. జిల్లాల సరిహద్దులు మార్చదలచిన ప్రభుత్వం 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ముందుగా ముసాయిదాను, అంటే ఇంకా ఖరారు కాని ప్రతిపాదనను, రాజపత్రంలో ప్రకటించి అక్కడి నివాసుల అభ్యంతరాలనూ సలహాలనూ కోరవలసి ఉంటుంది కనుక, ఆ ప్రకటన వెలువడిన ఘడియలోనే పౌరుడు జన్మించి, గడువు ముగిసిన సాయంత్రం కలెక్టరేట్ ముద్ర పడిన రసీదు చేతబట్టుకుని కాలధర్మం చెందుతాడు.

ఈ జీవిని ఓటరుతో పొరబడరాదు. ఓటరు ఐదేళ్లకొకసారి ఒక పగటిపూట మాత్రమే బతుకుతాడు. లబ్ధిదారు నెలకొకసారి పింఛను వేళకు కళ్లు తెరుస్తాడు. అర్జీదారు సోమవారాల్లోనే కనిపిస్తాడు, ఆ కార్యక్రమాన్ని నిన్న 'స్పందన' అన్నా నేడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక' అన్నా అతడు నిలబడే వరుస మాత్రం అదే. ప్రభుత్వం తానై పిలిచి నీ అభిప్రాయమేమిటని అడిగేది పౌరుణ్ణి ఒక్కణ్ణే కనుక అతణ్ణి విడిగా పరిశీలించడం అవసరం.

అందుకు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని సదుం మండలం అనువైన చోటు, ఎందుకంటే అక్కడ పౌరుడు నాలుగేళ్లలో రెండుసార్లు పుట్టాడు. తొలి జన్మ 2022 జనవరిలో. లోక్‌సభ స్థానానికొక జిల్లా అన్న సూత్రంతో పదమూడు జిల్లాలు ఇరవై ఆరైనప్పుడు, ఒకప్పుడు కుప్పం దాకా పరచుకున్న మదనపల్లె రెవెన్యూ డివిజన్ ముక్కలైంది. మదనపల్లె పట్టణం రాయచోటి కేంద్రంగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరగా, రాజంపేట లోక్‌సభ స్థానంలోనే ఉన్న పుంగనూరు నియోజకవర్గం, దానితోపాటు సదుం, సూత్రానికి మినహాయింపై చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. జిల్లా కేంద్రం మదనపల్లెలోనే ఉండాలని ఆ ముప్పై రోజులూ గొంతు చించుకున్న పౌరులు, ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి వచ్చేనాటికి యథాప్రకారం లబ్ధిదారులుగా మారిపోయి ఉన్నారు.

రెండవ జన్మ 2025 నవంబరు చివర. ఈసారి ముసాయిదా మదనపల్లె కేంద్రంగా పందొమ్మిది మండలాల ప్రత్యేక జిల్లాను ప్రతిపాదించి, సదుంను అందులోని పీలేరు డివిజన్‌లో చేర్చింది. రాయచోటి, రాజంపేట, కోడూరు అన్నమయ్య జిల్లాగానే ఉంటాయని చెప్పింది. సదుం గుట్టలు అంగుళం కదలకపోయినా సదుం పౌరుడు ఇలా ఊళ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. గ్రామ సచివాలయాలు ఇటువంటివారికి జనన, మరణ ధ్రువపత్రాలను ఒకే దరఖాస్తుపై ఇవ్వడం మేలు. మధ్యలో ఉండేది ఒక్క నెలే కనుక ఆధార్ నకలు రెండవసారి అడగనక్కరలేదు.

గడువు ముగిశాక, డిసెంబరు 29న మంత్రివర్గం కూర్చుని, ముసాయిదాలో లేని ఏర్పాటొకటి చేసింది. ప్రత్యేక మదనపల్లె జిల్లా లేదు; రాజంపేట కడపకు, కోడూరు తిరుపతికి వెళ్తాయి; రాయచోటి మదనపల్లెతో కలుస్తుంది; అన్నమయ్య జిల్లా కేంద్రం రాయచోటి నుంచి మదనపల్లెకు మారుతుంది. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట మండలంలో ఉంది కనుక ఊరు కడప జిల్లాకూ పేరు మదనపల్లెకూ దక్కాయి. పదకర్తను ఇంత చక్కగా పంచిన భాగపంపిణీ మరొకటి ఉండదు. ఇక రాయచోటి పౌరుడి అభ్యంతరం సంగతికి వస్తే, అతడు అప్పటికే మరణించి ఉన్నాడు కాబట్టి చట్టానికి చిక్కేమీ లేదు.

మదనపల్లెకు ఆలస్యంగానైనా న్యాయం జరిగింది, సదుం మండలానికీ మేలే జరిగి ఉండవచ్చు. కానీ నాలుగేళ్ల కిందట మదనపల్లె దేనికి ఏడ్చిందో ఇప్పుడు రాయచోటి దానికే ఏడవవలసి రావడం, కలెక్టరేట్‌ను నమ్ముకుని అప్పుచేసి గది కట్టినవాడు, హోటల్ పెట్టినవాడు తమ ఊరి హోదా పోయిందని టీవీలో చూసి తెలుసుకోవడం ఏ రకం సంప్రదింపు? అభ్యంతరాలు విన్నందువల్లే మార్పులు చేశామంటే, ఒక ఊరి అభ్యంతరాన్ని తీర్చడానికి మరో ఊరి కేంద్రాన్ని తీసేసేటప్పుడు ఆ ఊరిని అడగనవసరం లేదని ఎవరు తీర్మానించారు? ముసాయిదాను అచ్చువేసిన రాజపత్రంలో, అందిన ప్రతి అభ్యంతరాన్నీ దాన్ని ఎందుకు అంగీకరించారో, ఎందుకు తోసిపుచ్చారో తెలిపే జవాబునూ అచ్చువేయడానికి చోటు ఎందుకు లేదు? డిసెంబరు 31 దాటితే జనగణన కోసం సరిహద్దులు స్తంభిస్తాయి కనుక వ్యవధి లేకపోయిందన్న సమాధానం చెల్లదు. ఆ గడువు ఆకాశం నుంచి ఊడిపడలేదు, 2024 జూన్‌లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం 2025 నవంబరు చివరిదాకా ముసాయిదా తేలేదు. మనుషుల్ని లెక్కపెట్టే తేదీ గుర్తున్నవారు అదే మనుషుల్ని మరో ముప్పై రోజులు అడగడానికి కావలసిన వ్యవధిని తామే కాజేశారు.