బెణుకు

మాండూస్ తుపాను బంగాళాఖాతంలో ఎక్కడుందో టీవీవాళ్లకు తెలుసు. మా వంటింట్లో ఎక్కడెక్కడుందో మాత్రం నాకే తెలుసు. గ్యాస్ పొయ్యి పక్కన ఒకటి, బియ్యం డబ్బా మీద ఒకటి, దేవుడి పటాల ముందు ఇంకోటి. మిద్దె ఉరిసిన చోటల్లా ఒక పాత్ర పెట్టుకుంటూ పోయినాం. బక్కెట్లు అయిపోయినాయి, గంగాళం అయిపోయింది, ఇడ్లీ పాత్ర కూడా అయిపోయింది. చివరికి ఇత్తడి బిందె మీద చెయ్యి పడేసరికి మా ఆవిడ లేచింది.

"మా అమ్మోళ్లు సారెలో పెట్టిన బిందె ఇది. ఉరుపు నీళ్లు పట్టేదానికా?"

2022 డిసెంబరు 9 రాత్రి. పుత్తూరులో కరెంటు పోయి అప్పటికే చాలాసేపైంది. చీకట్లో వినడం తప్ప పని లేదు. స్టీలు గిన్నెలో 'టింగ్', ప్లాస్టిక్ బక్కెట్లో 'టప్'. గంగాళంలో పడే బొట్టుకు మాత్రం గుడి గంట గాంభీర్యం ఉంది. ఫోన్లో మిగిలిన ఆరు శాతం చార్జింగుతో నేను తుపాను గురించి చదివి ఇంట్లోవాళ్లకు చెప్తా కూర్చున్నాను. మన సముద్రం తుపాన్లకు 13 దేశాలు తలా 13 పేర్లిచ్చి 2020లో 169 పేర్ల జాబితా తయారుచేసినాయి. మాండూస్ అనే పేరు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వాళ్లది. అరబ్బీలో పెట్టె అని అర్థం, నగానట్రా దాచుకునే పెట్టె.

"పెట్టె అంటే గుర్తొచ్చింది. అటక మీద ట్రంకు పెట్టె తడస్తా ఉందేమో చూడండి" అనింది మా ఆవిడ.

తడిసింది. పట్టుచీరలకేం కాలేదు. ఇంటి పత్రాలు పాలిథిన్ కవర్లో భద్రంగా ఉన్నాయి. నా పదో తరగతి మార్కుల లిస్టు మాత్రం అంచుల దాకా నానింది. తెలుగులో వచ్చిన మార్కులు అలుక్కుపోయినాయి, సాంఘికంలో వచ్చినవి కొట్టుకుపోయినాయి. లెక్కల్లో వచ్చిన 38 మాత్రం చెక్కు చెదరలేదు.

అర్ధరాత్రి దాటినాక తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మాకు వంద కిలోమీటర్లకు పైనే. తీరాన్నైతే దాటింది గానీ మా వంటింటిని దాటలేదు. తెల్లారి మిద్దెక్కి చూస్తే సంగతి తెలిసింది. నీళ్లు పొయ్యే తూముకు వేపాకు అడ్డం పడి మిద్దె మీద చెరువైపోయి ఉంది. ఆకు తీద్దామని ఒక కాలు ముందుకేసినాను. రెండో కాలు నన్నడక్కుండా ఇంకో దిక్కుకు పోయింది.

ఆ తర్వాత రెండు గంటలు నేను పెట్టిన అరుపులు, చేసిన ఫోన్లు మా వీధి వీధికంతా గుర్తే. తిరుపతిలో ఉండే బావమరిదికి చెప్పినాను, మదరాసులో చిన్నాయనకు చెప్పినాను. బెంగళూరులో ఎవరికో రాంగ్ నంబరు తగిలితే ఆయనకూ చెప్పినాను. మా అమ్మ చిక్కుడుకాయలు వలస్తా అంతా వినింది.

"అబ్బోడా, పోయినేడు చెయ్యేరు కట్ట తెగితే ఊర్లకూర్లే పాయె. నీ చీలమండ వాస్తే బెంగుళూరు దాకా దండోరా వెయ్యాల్నా?"

అమ్మ తేదీలు చెప్పదు కాబట్టి అవి నేను చెప్తాను. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఏటి కింది పల్లెలు మునిగినాయి, ఎందరో ప్రాణాలు పోయినాయి. నేను ఫోను పక్కన పెట్టేసినాను. అమ్మ మాటకు కొంత, బ్యాటరీ అయిపోయినందుకు కొంత.

పుత్తూరులో కాలు జారినవాడు ఎక్కడికి పోవాలో ఎవరినీ అడగాల్సిన పన్లేదు. పుత్తూరు కట్టు అంటే తమిళనాడులోనూ కర్ణాటకలోనూ తెలియనివాళ్లు తక్కువ. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డపీలికలు. వాటితోనే ఈశ్వరాపురంలో తరతరాలుగా ఎముకలు అతికిస్తా ఉన్నారు. ఆటో ఎక్కంగానే డ్రైవరు నవ్వినాడు. "ఎవురెవురో రైళ్లెక్కి వస్తా ఉండారు సార్, ఊర్లో ఉండి మీరు రాకుంటే ఎట్లా?"

అక్కడ వరసలో కూర్చున్నాక నా కథకు ఉన్న ధర పడిపోవడం మొదలుపెట్టింది. పక్కనున్న పెద్దాయన వేలూరు నుంచి వచ్చినాడు, మోచెయ్యి విరిగింది. ఆయన పక్కన ఒకామె ఆవుల కొట్టంలో జారింది, తుంటి. చింతచెట్టు మీంచి పడిన పిల్లోడికి రెండు చేతులకూ కట్లే, వాళ్లమ్మ వాడికి బన్ను తుంచి నోట్లో పెడతా ఉంది. "మీకేమైంది?" అని పెద్దాయన తమిళంలో అడిగినాడు. వేపాకుతో మొదలుపెట్టి నాటకీయంగా చెప్దామనుకున్నవాడిని, "కొంచెం కాలు" అని ఊరుకున్నాను.

నా వంతు అర నిమిషంలో అయిపోయింది. చీలమండను వేళ్లతో అట్లా తడిమి, "ఎముక బాగుండాది. ఉత్త బెణుకే. రెండు దినాలు నడవొద్దు. తరవాతోళ్లు రాండి" అన్నారు. సంతోషపడాల్సింది పోయి చిన్నబుచ్చుకున్నాను. "కట్టు కట్టరా?" అని అడిగేసినాను కూడా. పసరు రాసి పంపించినారు. పుత్తూరులో పుట్టి పెరిగి, అక్కడి దాకా పోయి కట్టు లేకుండా ఇల్లు చేరడమంటే, తిరుమలకు పోయి లడ్డు లేకుండా తిరిగి రావడమే.

సోమవారానికి వాన తెరిపిచ్చింది. వాకిట్లో కుర్చీ వేసుకుని కాలు స్టూలు మీద పెట్టుకున్నాను. దక్షిణాన మబ్బు లేచేసరికి నాలుగు రోజులుగా కనపడని నగరి ముక్కు కనపడింది. సుమారు 2,800 అడుగుల కొండ. ఒకప్పుడు సముద్రంలో పోయే ఓడలవాళ్లు తీరానికి ఆనవాలుగా దాన్నే చూసుకునేవాళ్లు. నేనూ దాని వైపే చూస్తా ఉంటే పక్కింటి మరమగ్గాల ఆయన వచ్చి కాలెట్లుందని అడిగినాడు. ఇంట్లోవాళ్లెవరూ వినడం లేదు గనక ఆయనకు మొత్తం చెప్పినాను, వేపాకుతో సహా. పూర్తిగా విన్నాడు. మీ సంగతేందని అప్పుడు అడిగినాను.

"మూడు దినాలుగా కరెంటు లేదు కద సార్. మగ్గం ఆడలేదు. ఆడితేనే కూలి" అన్నాడు. మళ్లీ ఆయనే, "పసరు ఆరనీయొద్దండీ" అని చెప్పి పోయినాడు.

ఆ రాత్రి కరెంటొచ్చింది. పక్కింట్లో మగ్గాలు కటకటమని అందుకున్నాయి. పెళ్లయినప్పటినుంచీ ఆ చప్పుడును తిట్టుకునే మా ఆవిడ ఆరోజు నాకంటే ముందే నిద్రపోయింది. కాలు వారానికి కుదురుకుంది. జాబితాలో మాండూస్ తర్వాతి పేరు మోచా, యెమెన్ వాళ్లు ఇచ్చింది. తూములో వేపాకు మాత్రం నేనింకా తియ్యలేదు.