కర్నలుగిరీ రేటెంత?

ఈమధ్య ఏ కంపెనీ హాల్లోకి తొంగిచూసినా తెర మీద ఒక గుర్రం, గుర్రం మీద కత్తి దూసిన దొర, కింద "నాయకత్వ రహస్యాలు" అని పెద్ద అక్షరాలు. ఆ రహస్యాలు విప్పే పెద్దమనుషుల్లో చాలామంది ఎన్‌సీసీ పెరేడు కూడా కడుపునొప్పని ఎగ్గొట్టిన బాపతు. అలాంటి అల్లుడొకాయన పండక్కి అత్తారింటికి వచ్చాడు. మామగారు సబ్ ట్రెజరీలో బిల్లులకు కొర్రీలు వేసి వేసి రిటైరైన మనిషి. ఇప్పుడు వేయడానికి బిల్లులు లేక పాత యుద్ధాల చరిత్రలు చదువుతున్నాడు.

అల్లుడు: మామయ్యగారూ, సోమవారం సెషన్‌కి అదిరిపోయే హీరో దొరికాడండీ. లార్డ్ కార్డిగన్! 1824లో కార్నెట్, అంటే అశ్వదళంలో అట్టడుగు ఆఫీసరు. 1830 కల్లా లెఫ్టినెంట్ కర్నల్. ఆరేళ్లలో! ఎంత ప్యాషన్ ఉండాలి?

మామ: ఎంతకి?

అల్లుడు: ఏవిటండీ?

మామ: ఎంతకి కొన్నాడూ అని. అశ్వదళంలో కార్నెట్ పోస్టు 840 పౌన్లు. లెఫ్టినెంటు 1,190. కెప్టెను 3,225. మేజరు 4,575. లెఫ్టినెంట్ కర్నలు 6,175. ఇది సర్కారువారు ఖరారు చేసిన రేటు.

అల్లుడు: అంటే లంచమా?

మామ: రామరామ! ఆ రేటుకి కొనడం చట్టబద్ధం. రేటుకి మించి ఇవ్వడమే నేరం. అందుకని అందరూ మించే ఇచ్చేవాళ్లు. 1832లో 15వ హుస్సార్ల పటాలం చేతికి రావడానికి ఈయన 35,000 పోశాడని ఊరంతా చెప్పుకుంది.

అల్లుడు: పోనీ, తన మీద తనే ఇన్వెస్ట్ చేసుకున్నాడనొచ్చు.

మామ: ఆ పెట్టుబడి రెండేళ్లలో మునిగింది. కింది కెప్టెన్ వాథెన్ మీద పగబట్టి కోర్టుమార్షల్ పెట్టించాడు. 1834లో కోర్టు కెప్టెన్ని నిర్దోషంది. కర్నల్‌గారి పోస్టు ఊడింది.

అల్లుడు: చూశారా, ఫెయిల్యూర్! ప్రతి లీడరుకీ ఒకటుంటుంది. తిరిగి ఎలా లేచాడన్నదే పాయింటు.

మామ: 40,000 పెట్టి లేచాడంటారు. 1836లో, 11వ లైట్ డ్రాగూన్ల పటాలానికి.

అల్లుడు: పట్టుదల!

మామ: రేటు పెరిగింది, అంతే. ఆ పటాలం అప్పుడు మన కాన్పూరులో ఉండేది. ఈయన ఓడెక్కి వచ్చి, కొన్ని వారాలు పెత్తనం చేసేసరికి పటాలానికి ఇంగ్లండు తిరుగు ప్రయాణం వచ్చింది. అందులో భరత్‌పూర్ కోట ముట్టడి చూసిన ఆఫీసర్లున్నారు. యుద్ధం తెలుసు, చేతిలో డబ్బు లేదు. ఈయనది సరిగ్గా తిరగేసిన జాతకం. "ఇండియా ఆఫీసర్లు" అంటూ వాళ్లని ఈసడించేవాడు. 1840లో మెస్‌లో భోజనాలవేళ కెప్టెన్ రేనాల్డ్స్ అతిథి కోసం మోసెల్ వైను తెప్పించాడు. అది నల్ల సీసాలో వచ్చింది. నల్ల సీసా అంటే పోర్టరు, కూలీనాలీ తాగే బీరు. దొరగారి మెస్‌లో బీరా? కెప్టెన్ అరెస్టు!

అల్లుడు: సీసా రంగుకి అరెస్టా? లోపలేముందో చూడలేదా?

మామ: లోపలేముందో చూడ్డం ఆయన పద్ధతి కాదు. తన సైనికులకు చెర్రీపండు రంగు బిగుతు ప్యాంట్లు వేయించి సొంత డబ్బు తగలేసినవాడు.

అల్లుడు: బ్రాండింగ్ అండీ అది! రాసుకుంటున్నాను.

మామ: దీన్నీ రాసుకోండి. పత్రికలో తన మీద ఉత్తరాలు రాశాడని టకెట్ అనే తన పాత కెప్టెన్‌తో అదే ఏడు వింబుల్డన్ మైదానంలో పిస్టళ్ల ద్వంద్వయుద్ధం చేసి, అతన్ని గాయపరిచాడు. 1841లో ప్రభువుల సభలో విచారణ. కాల్పులు చూసిన సాక్షి ఉన్నాడు, గాయపడ్డ మనిషీ ఉన్నాడు. కానీ అభియోగపత్రంలో "హార్వే గార్నెట్ ఫిప్స్ టకెట్" అని ఉంది. గాయపడ్డ టకెట్టూ, ఆ పొడుగు పేరు టకెట్టూ ఒకరేనని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదు. ప్రభువులు వరసగా లేచి గుండె మీద చెయ్యి వేసుకుని నిర్దోషి అనేశారు.

అల్లుడు: ఒక్క పేరుకా!

మామ: నవ్వకండి. సర్వీసు రిజిస్టరులో ఉన్న "వెంకట" బ్యాంకు పాసుబుక్కులో లేదని ఎంతమంది పెన్షన్లు ఆపానో! నా బల్ల మీద పేరు తేడా వస్తే పంతులుగారి పింఛను ఆగింది. వాళ్ల బల్ల మీద అదే తేడా వస్తే దొరగారు విడుదలయ్యాడు.

అల్లుడు: పోనివ్వండి. బాలక్లావా యుద్ధం సంగతేమిటి? 1854 అక్టోబర్ 25. ఎదురుగా రష్యా ఫిరంగులు. లైట్ బ్రిగేడ్ అనే గుర్రపు దళం మొత్తానికీ ముందున్నది ఆయనేనా, కాదా?

మామ: ఆయనే. కాదంటే కళ్లు పోతాయి. ఫిరంగుల దాకా వెళ్లాడు కూడా. వెళ్లి, తన పని అయిపోయిందనుకుని వెనక్కి వచ్చేశాడు. వెనకాల 670 మంది దాకా బయల్దేరారు. వాళ్లలో 110 మంది దాకా పోయారు. గుర్రాలు మూడు వందల పైమాటే. అసలు ఆ ఫిరంగులు కావు పట్టుకోవలసింది. కొండ మీదున్న సేనాధిపతి రాగ్లన్‌కి కనబడ్డవి లోయలో ఉన్న అశ్వదళాధిపతి లూకన్‌కి కనబడవు. ఆర్డరు తెచ్చిన కెప్టెన్ నోలన్ చెయ్యి ఎటో ఊపాడు. లూకనేమో కార్డిగన్ చెల్లెలి మొగుడు. బావాబావమరుదులకి ఏళ్ల తరబడి పడదు. పెళ్లిలో పక్కపక్కన కూర్చోబెట్టలేని ఇద్దర్ని ఒక సైన్యంలో పైనా కిందా పెట్టారు.

అల్లుడు: టీమ్ బిల్డింగ్ లోపం.

మామ: తిరిగొచ్చాక కార్డిగన్ మొట్టమొదటి ఫిర్యాదేమిటో తెలుసా? నోలన్ తన కంటే ముందుకి గుర్రం దూకించాడని! ఆ నోలన్ మొదటి గుండుకే పోయాడు. ఆ తరవాత దొరగారు రేవులో ఉన్న సొంత పడవకి వెళ్లి, స్నానం చేసి, షాంపేన్ తాగి పడుకున్నాడంటారు. 1855లో ఇంగ్లండులో దిగితే ఊరేగింపులు. ఆపైన అశ్వదళాల ఇన్‌స్పెక్టర్ జనరల్.

అల్లుడు: మరి అంత తెలివైన దేశం పోస్టులెందుకు అమ్మిందండీ?

మామ: *(కుర్చీ ముందుకు లాక్కుని)* అలా అడగండి! క్రామ్వెల్ సైన్యం దేశాన్ని ఏలిన భయం వాళ్లకి పోలేదు. ఆస్తిపరుడైతే రాజ్యం మీద తిరగబడడు. వెళ్లేటప్పుడు పోస్టు అమ్ముకుంటే అదే పింఛను, ఖజానాకి భారం లేదు. కానీ ఫిరంగి దళంలోనూ ఇంజనీర్లలోనూ మాత్రం అమ్మలేదు. అక్కడ లెక్కలు రావాలి. లెక్క తప్పితే ఫిరంగి పక్కనున్న ఆఫీసరే పోతాడు. గుర్రపు దళంలో లెక్క తప్పితే వెనకాల వాళ్లు పోతారు గనక, అక్కడ అమ్మారు. 1871లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఈ బేరం ఎత్తేస్తానంటే ప్రభువుల సభ మొరాయించింది. చివరికి రాణిగారి ఉత్తర్వు తెచ్చి ఎత్తేశారు. అప్పుడు కూడా కొన్నవాళ్ల డబ్బు మాత్రం ప్రజల సొమ్ములోంచి...

అల్లుడు: *(ఆవలించి)* మామయ్యగారూ, చలిగా ఉంది. ఆ మంకీ క్యాప్ ఇలా ఇస్తారా?

మామ: ఇంద. ఇంగ్లండులో దీన్ని బాలక్లావా అనే అంటారు. లోపల మీ అత్తయ్యగారు తొడుక్కున్న గుండీల స్వెట్టరు కార్డిగన్. మీరు వేసుకున్న టీషర్టు చేతుల కుట్టు రాగ్లన్. ఆయనకి వాటర్లూలో కుడిచెయ్యి పోయింది.

అల్లుడు: మరి లూకన్‌కి?

మామ: ఆయన పేర ఒక్క గుడ్డ లేదు పాపం. మళ్లీ యుద్ధానికి కూడా వెళ్లలేదు. ఊరికే ఇంట్లో బతికి ఉన్నందుకు సీనియారిటీ లెక్కన 1887లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు.

అల్లుడు: ఫీల్డ్ మార్షలా! అయితే కార్డిగన్ స్లయిడు తీసేసి లూకన్‌ది పెడతానండీ.

మామ: పెట్టండి. మనిషికి ఇంకో రెండు వేలు ఎక్కువ అడగొచ్చు.