ఆరని చొక్కా, ఆగని ఉపన్యాసం

ఏజెన్సీలో ఏ హాస్టల్ వార్షికోత్సవానికైనా వెళ్లండి. ముఖ్య అతిథి మైకు అందుకున్న కాసేపటికే ఆ మాట రానే వస్తుంది. ఈ పిల్లలు తమ బట్టలు తామే ఉతుక్కుంటున్నారు, స్వావలంబన అంటే ఇదీ, పట్నం పిల్లలు వీళ్లను చూసి నేర్చుకోవాలి! ముందు వరసలో టీచర్లు చప్పట్లు కొడతారు. వెనక వరసల్లో పిల్లలూ కొడతారు, కొట్టమన్నారు కాబట్టి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన అతిథిగారి ఖద్దరు చొక్కా మడత మాత్రం సభ ముగిసేదాకా చెక్కుచెదరదు. ఆ మడత వెనక ఉన్నది ఎవరి స్వావలంబనో అడిగే గొంతు ఆ సభలో ఉండదు.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో (2016 అక్టోబర్ 11 దాకా రెండూ ఒకటే జిల్లా) ఇల్లు విడిచి చదువుకునే పిల్లలకు కొదవ లేదు. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి. గురుకులాలున్నాయి, కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఖమ్మం టౌనులో ఇంటర్ రెసిడెన్షియల్ క్యాంపస్‌లున్నాయి. ఫీజులు వేరు, భోజనం వేరు, గోడల రంగులు వేరు. పద్నాలుగేళ్ల పిల్లవాడి మాసిన బట్టల దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే బాధ. దానికి పెద్దలు కనిపెట్టిన మందు కూడా ఒకటే: నీతిబోధ.

కలిగినవాళ్ల పిల్లలకు ఈ పాఠం విహారంగా వస్తుంది. దాని పేరు సమ్మర్ క్యాంపు. ఈ ఆచారానికి మూలపురుషుడు అమెరికాలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు. 1861లో కనెక్టికట్‌లో తన విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లి ఆరుబయట బస చేయించాడు. అక్కడి నుంచి అది పెరిగి పెరిగి, ఇప్పుడు మన నగరాల్లో కూడా క్యాంపుకు ముందు ఒక పట్టిక ఇంటికొస్తుంది. ఇన్ని టీషర్టులు, ఇన్ని జతల సాక్సులు, ప్రతి బట్ట మీదా పేరు, మాసినవి వేసుకోవడానికి విడిగా ఒక సంచీ. తల్లి ఆ పట్టిక చూసి రోజుకొక జత లెక్కన మడతపెట్టి, పైన రెండు జతలు అదనంగా పెట్టి పంపుతుంది. వారం తర్వాత సంచీ తెరిస్తే ఆ మడతలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. కుర్రవాడు వెళ్లిన రోజు టీషర్టుతోనే తిరిగొచ్చాడు. ఉతకడం నేర్పుతామన్న శిబిరంలో అతను నేర్చుకున్నది ఉతక్కుండా బతకడం. టీనేజీ కుర్రవాళ్ల తెలివికి ఇది తార్కాణమే గానీ, దీన్ని వ్యక్తిత్వ వికాసమని రసీదు ఇవ్వడం మాత్రం విడ్డూరం.

ఆ విద్య చర్లలోనో దుమ్ముగూడెంలోనో హాస్టల్ పిల్లవాడికి పనికిరాదు. అతనిది వారం శిబిరం కాదు, పది నెలల కాపురం. ప్రభుత్వ బడిలో ఏడాదికి రెండు జతల యూనిఫాం ఇస్తారు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. దండెం మీది జత ఆరకపోతే మర్నాడు పొద్దున అసెంబ్లీకి తడి చొక్కాయే గతి. దాన్ని ఒంటివేడితో ఆరబెట్టుకోవడాన్ని కూడా స్వావలంబన ఖాతాలోనే రాసుకోవాలి కాబోలు.

ఇక డబ్బు సంగతి. సంక్షేమ హాస్టళ్లలో సబ్బు, నూనె, పేస్టు, క్షవరం వగైరాలకు ఇచ్చేదాన్ని కాస్మెటిక్ చార్జీలంటారు. పేరు వింటే పౌడరూ స్నోలూ గుర్తొస్తాయి. 2024 నవంబర్ దాకా మగపిల్లవాడికి నెలకు 62 రూపాయలు. మూడు నుంచి ఏడో తరగతి ఆడపిల్లకు 55, ఎనిమిది నుంచి పదో తరగతి ఆడపిల్లకు 75. వీటిని పదహారేళ్లపాటు ఎవరూ ముట్టుకోలేదని, పెంచిన రోజున ప్రభుత్వమే చెప్పుకుంది. అంటే రోజుకు రెండు రూపాయల చిల్లర. అందులోనే ఒళ్లు రుద్దుకోవాలి, పళ్లు తోముకోవాలి, తలకు నూనె రాసుకోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి. ఏమైనా మిగిలితే బట్టలు ఉతుక్కోవాలి. ఆ పదహారేళ్లలో మంత్రులు మారారు, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే మారింది. 62 మాత్రం ధ్రువనక్షత్రంలా నిలబడింది. ఆ పదహారేళ్లూ స్వావలంబన ఉపన్యాసానికి మాత్రం ఏ నిధుల కొరతా రాలేదు.

2024లో రేట్లు పెరిగాయి. ఎనిమిది నుంచి పదో తరగతి అబ్బాయికి 200, అమ్మాయికి 275. మెచ్చుకోవలసిందే. అయితే చేతికి సబ్బు వచ్చినంత మాత్రాన కొళాయికి నీళ్లు రావు. ఒక హాస్టల్లో తెల్లవారుజామున నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక కొళాయి, దాని చుట్టూ బకెట్ల బారు. బకెట్ల మీద పెయింటుతో అంకెలు. పేర్లు రాస్తే చెరిగిపోతాయని అంకెలు, అంకెలున్నా బకెట్లు మారిపోతాయని పిడికి కట్టిన గుర్తు తాళ్లు. బట్టల సబ్బు బిళ్లను దారంతో రెండుగా కోసుకుని ఇద్దరు స్నేహితులు చెరి సగం పంచుకుంటారు. కాలరుకు, చంకలకు, ప్యాంటు అంచులకు మాత్రమే సబ్బు. మిగతా చొక్కాకు నీటి అభిషేకం. జాడించడానికి రెండో బకెట్ నీళ్లు దొరకవు కాబట్టి ఎండిన చొక్కా సబ్బు నురగకి అట్టలా బిగుసుకుంటుంది. గంజి ఖర్చు కలిసొచ్చింది!

బోరు ఎండిపోతే వాగు దారి. ఉతుక్కోవడానికో స్నానానికో వెళ్లిన పిల్లలు నీళ్లలో కొట్టుకుపోయారన్న వార్త తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. వ్యంగ్యం అక్కడికి పోదు.

కాలం కూడా హాస్టల్ పిల్లవాడికి ఎదురే. భద్రాచలం, కొత్తగూడెం ఎండలు తెలిసిందే. మే నెలలో తడిగుడ్డ దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. ఆ మే నెలలో హాస్టళ్లకు సెలవులు. బళ్లు తెరిచేది జూన్ 12న, నైరుతితో పాటు. జూలై, ఆగస్టుల్లో గోదావరి భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో 71.3 అడుగులకు పోయింది. నది శాంతంగా ఉన్న ఏడాది కూడా ఆ రెండు నెలలూ అడవి అంచు ఊళ్లలో గాలే తడిగా ఉంటుంది. అప్పుడు పిల్లలకు మిగిలే దండెం కిటికీ ఊచలు, మంచం పట్టీలు, మెట్ల రెయిలింగు. తుప్పు ఊచ మీద ఆరిన తెల్లచొక్కాకు ఎర్రటి గీతలు పడతాయి. పర్యవేక్షణకు వచ్చిన అధికారి వాటిని చూసి శుభ్రత గురించి ఇంకో పది నిమిషాలు మాట్లాడి వెళతాడు.

తడి చొక్కాకు, పంచుకున్న దుప్పటికి అసలు చెల్లింపు చర్మం మీద జరుగుతుంది. గజ్జిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ పురుగు మనిషి ఒంటిని విడిచి రెండు మూడు రోజులకు మించి బతకదు. 50 డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలకే చస్తుంది. కాబట్టి బట్టలను వేడినీళ్లలో ఉతకాలి, లేదా సంచీలో బిగించి కొన్నాళ్లు పక్కన పెట్టాలి. వైద్యశాస్త్రం చెప్పేది ఇంతే. రెండు జతలవాడు ఒక జతను సంచీలో బిగిస్తే ఏం కట్టుకోవాలో మాత్రం అది చెప్పదు. హాస్టల్లో వేడినీళ్లు అన్నం గిన్నెకే గానీ బట్టల బకెట్‌కు దిగవు. మందు రాస్తారు, తగ్గుతుంది, అదే దుప్పటి కప్పుకుంటారు, మళ్లీ వస్తుంది.

వెనకటి చాకలి ఈ శాస్త్రం చదవకుండానే చేసి చూపించాడు. మురికి బట్టలను చవుటినీళ్లలో ముంచి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉబ్బ వేసేవాడు. ఆ ఆవిరికి ఏ పురుగూ నిలవదు. ఊరందరి బట్టలూ ఒకే మూటలో రేవుకు వెళ్లి, ఎవరివి వాళ్ల ఇంటికే తిరిగొచ్చేవి. నల్లజీడి గింజ రసంతో ఇంటికొక గుర్తు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అక్షరం రాని మనిషికి ఆ గుర్తులన్నీ కంఠస్థం. ఇప్పుడు వేలకు వేలు ఫీజు కట్టిన క్యాంపస్‌లో లాండ్రీకి వేసిన సాక్సు ఒంటరిగా తిరిగొస్తుంది. చిత్రమేమిటంటే గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డల దగ్గర కొనే సరుకుల పట్టికలో కుంకుడుకాయ ఉంది, నల్లజీడి గింజ కూడా ఉంది. ఉతికే సబ్బూ, గుర్తుపెట్టే సిరా రెండూ చెట్లకు కాసే సీమ ఇది. ఆ సీమ పిల్లవాడు రెండో ఉతుకుకే వెలిసిపోయే మార్కర్ పెన్నుతో కాలరు మీద తన నంబరు దిద్దుకుంటున్నాడు.

అలాగని పాత రోజులే బంగారమని ఎవరూ అనడం లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌కు పాలకుర్తి చాకలి ఐలమ్మ ఎదురుతిరిగిన తెలంగాణలో ఆ వెట్టిచాకిరీ మళ్లీ కావాలనేవాళ్లు ఉండరు. కానీ కూలి ఇచ్చి ఉతికించుకోవడం వెట్టి కాదు. లాండ్రీలకు, ధోబీఘాట్లకు రాష్ట్ర ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తోంది. ఒక పక్క ఉచిత కరెంటు ఉన్న రజకుడు, ఇంకో పక్క వందలాది దుప్పట్లున్న హాస్టలు. ఈ ఇద్దరినీ కలపాలన్న ఆలోచన స్వావలంబన మీద ప్రసంగించేవాళ్లకు ఎందుకో తట్టదు.

ప్రైవేటు క్యాంపస్‌ల సంగతి చూడాలంటే ఔటింగ్ ఆదివారం సాయంత్రం ఖమ్మం బస్టాండుకు వెళ్లాలి. పొద్దున ఇల్లెందు నుంచో సత్తుపల్లి నుంచో కోడికూర క్యారియర్‌తో దిగిన అమ్మ, సాయంత్రం అదే సంచీలో కొడుకు మాసిన బట్టలు కుక్కుకుని బస్సెక్కుతుంది. సంచీ సీటు కింద పెడితే పక్కనున్న ప్రయాణికుడు కిటికీ తెరుస్తాడు. ఫీజు రసీదులో లాండ్రీ అన్న పద్దు ఉన్నా, చేతిలో సంచీ ఉంది. కార్పొరేట్ చదువు అసలు వాషింగ్ మెషీన్ ఆర్టీసీ బస్సులో తిరుగుతోందన్నమాట.

ఆడపిల్లల కష్టం ఇంకొక మెట్టు పైన. నెలసరి గుడ్డలను ఎండలో ఆరేయాలని ఆరోగ్య కార్యకర్త చెబుతుంది. ఆరేసే చోటు మాత్రం వంటవాళ్లూ, వాచ్‌మనూ, గోడ మీద నుంచి రోడ్డూ చూసేలా ఉంటుంది. దాంతో అవి మంచం కింద, పెట్టె వెనక, చీకట్లో ఆరతాయి. చాటుగా ఎండ తగిలే నాలుగు గజాల స్థలాన్ని ఏ నమూనా భవన ప్లానూ గీయలేదు.

చట్టానికి తడిబట్టల సంగతి తెలియక కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 42వ సెక్షన్ కార్మికులు కడుక్కునే వసతి గురించే. 43వ సెక్షన్ బట్టలు దాచుకునే చోటు, తడిబట్టలు ఆరబెట్టుకునే చోటు గురించే. అంటే సారపాక కాగితం మిల్లు కార్మికుడి తడిచొక్కాకు దేశ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది, గోదావరికి ఇవతలి ఒడ్డున హాస్టల్లో ఉన్న అతని కొడుకు చొక్కాకు అతిథిగారి మెచ్చుకోలు ఉంది. మణుగూరు నుంచి సికింద్రాబాద్ పోయే రాత్రి రైల్లో ఏసీ బెర్తు ఎక్కినవాడికి ఒక్క రాత్రి పడకకు ఉతికిన దుప్పట్లు రెండు ఇస్తారు. పైకప్పుకునే కంబళి నెలకొకసారైనా ఉతుకుతామని 2024లో రైల్వే మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. హాస్టల్ పిల్లవాడి కంబళి గురించి అడిగిన సభ ఏదైనా ఉందేమో వెతకాలి.

పిల్లలు ఉతకడం నేర్చుకోకూడదా? నేర్చుకోవాలి, మగపిల్లలు మరీనూ. వాళ్లకు చేతకాదనీ కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఈ చర్ల మండలం కుర్రవాడే, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థే. ఆ గురుకులాలే సమ్మర్ సమురాయ్ పేరుతో వేసవి శిబిరాలు కూడా పెట్టాయి. ఈ పిల్లలకు కష్టం కొత్త కాదని, సత్తాకు తక్కువ లేదని లోకానికి రుజువైపోయింది. ఇంకా రుజువు కావలసింది ఎవరికి? కొండ ఎక్కించేటప్పుడు తాడు, గుడారం, బూట్లు, ఆక్సిజన్ ఇచ్చి ఎక్కించారు. ఉత్త చేతులతో పంపి సాహసమని పేరు పెట్టలేదు. బకెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఉత్త చేతులే గొప్పట!

కావలసిన సరంజామా పెద్దదేం కాదు. ఉతుకుడు బండల దగ్గర పారే నీళ్లు, మురుగు పోయే కాలువ, మూడో జత యూనిఫాం, దుప్పట్లకు నెలకోసారి ఊళ్లోని రజకుడితో కూలి ఒప్పందం, ఆడపిల్లలకు చాటైన ఎండ. వానాకాలానికి గాలి ఆడే రేకుల షెడ్డు, దాని కింద జి.ఐ. తీగలు. షెడ్డుకు మంజూరు రావాలంటే ఆలస్యమవుతుందేమో. తీగలకు ఏ టెండరూ అక్కర్లేదు. వరండా స్తంభాలకు కట్టడానికి ఒక మేస్త్రీ, ఒక పూట పని. బళ్లు తెరిచేది మళ్లీ జూన్ 12నే.