కునుకు తీసే ఫైలు

బడి బయట ఉన్న పిల్లలను బడికి పంపి, 2001లోనే బాలకార్మికులు లేని మండలంగా వేల్పూర్ పేరు తెచ్చుకున్నది. నాటి బడిపిల్లలు నేడు పరిశోధనలు చేసే ఈడుకొచ్చారు. వారిలో ఒకరు డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలో చేరి, గల్ఫ్‌లో రాత్రి షిఫ్టులు చేసొచ్చిన కార్మికుల నిద్రపై చిన్న గ్రాంటు అడిగారనుకుందాం. ‘పండుకుంటే వచ్చేదానికి పైసలెందుకు’ అనే పెద్దలుంటారు. వారికి 1953 నాటి జవాబుంది. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, మూలనపడ్డ పాత యంత్రానికి కన్నకొడుకునే కట్టి, నిద్రలో కనుగుడ్లు చకచకా కదిలే దశను పట్టుకున్నాడు. గురువు క్లైట్‌మన్‌తో కలిసి దాన్ని ప్రచురించాడు. నిద్ర శాస్త్రం అక్కడే మలుపు తిరిగింది.

‘చిల్లర గ్రాంట్లు దండగ, పెద్ద కేంద్రమే కట్టాలి’ అన్నది రెండో వాదన. శిలాఫలకానికి అదే అందం, నిజమే. కానీ నిద్ర డైరీలకు, చేతికి కట్టే కదలికల మీటర్లకు, ఊరూరా తిరిగే బస్సు చార్జీలకు భవనం అక్కరలేదు. లెక్కలు అడగొద్దా అంటే, తప్పక అడగాలి, ముందు డబ్బులిచ్చి! దీర్ఘనిద్రకు నమూనా కావాలంటే 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఉండనే ఉంది, మళ్లీ ఈ గ్రాంటు ఫైలునూ నిద్రపుచ్చడమెందుకు? కుంభకర్ణుడైనా ఆరు నెలలకోసారి లేచేవాడు. గ్రాంటు చిన్నదైనా ఫర్వాలేదు, గడువులోపల ఇవ్వండి. నిద్రపై పరిశోధనకు సంతకం పెట్టేవారు కనీసం మేల్కొని ఉండాలి.